పీహా నల్ల ఇసుక

ఒరేయ్ వాసూ,

ఆర్నెల్లుగా ఉత్తరం ముక్క లేదని తిట్టుకుంటూ ఉంటావు. ఆ తిట్లు కాస్త పక్కన పెట్టి ఇది చదువు. మొన్న ఆదివారం ఇక్కడ న్యూజిలాండ్‌లో పీహా బీచ్‌కి వెళ్లొచ్చాను. ఆక్లాండ్‌కి పడమట 40 కిలోమీటర్లే గానీ, వైటాకెరే కొండల్లో ఆ మెలికల రోడ్డుకి కడుపులో తిప్పేసింది. కొండ దిగుతుంటే ఒక మలుపులో కింద సముద్రం కనిపించింది. కారాపి చూస్తూ నిలబడిపోయాను. ఐదు నిమిషాలు నోట మాట లేదు. నాకు! ఆలోచించుకో.

ఇసుక నల్లగా ఉంటుంది రా, ఇనుప రజనులా. నిజంగా ఇనుమే ఉంది అందులో. దక్షిణాన తరనాకి వైపు అగ్నిపర్వతాల రాయి అరిగితే, సముద్ర ప్రవాహాలు ఇంత దూరం మోసుకొచ్చి పోస్తాయట. నా ఫోన్ కవర్‌కి అయస్కాంతం ఉంది కదా, అది కాస్తా ఇసుకలో పడింది. తీసి చూస్తే ముళ్లపందిలా రజను నిక్కబొడుచుకుని ఉంది! పైగా ఇక్కడ జనవరి అంటే నడి ఎండాకాలం. చెప్పుల్లేకుండా పది అడుగులు వేశానో లేదో, నిప్పుల గుండం తొక్కినట్టయింది.

బీచ్ నడుమ 101 మీటర్ల రాతి గుట్ట, లయన్ రాక్. ఎంత చూసినా నాకు సింహం కనపడలేదు, అలిగి కూర్చున్న మా మేనత్త కనిపించింది.

1958లో కాలిఫోర్నియా లైఫ్‌గార్డులు బింగ్ కోప్‌ల్యాండ్, రిక్ స్టోనర్ ఇక్కడే కెరటాల మీద జారే మాలిబు బోర్డులెక్కి చూపించారు. అప్పట్నుంచి ఈ దేశానికి సర్ఫింగ్ పిచ్చి పట్టుకుంది. నేను వెళ్లినప్పుడు ఒకమ్మాయి ఇరవై నిమిషాలు బోర్డు మీద ఊరికే కూర్చుంది, వచ్చిన కెరటాన్నల్లా వదిలేస్తూ. "ఎక్కవేం తల్లీ" అని నాకే విసుగొచ్చింది. అప్పుడొకటి లేచింది. నాలుగు బారలు వేసి చటుక్కున నిలబడి, ఏటవాలుగా జారిపోయింది. మొత్తం ఆరేడు సెకన్లు. మళ్లీ వెనక్కి వెళ్లి కూర్చుంది!

ఇక నా తెలివి విను. రెండు పక్కలా కెరటాలు విరిగిపడుతుంటే మధ్యలో ఒకచోట అల లేదు, నురగ లేదు. ఈత రానివాడికి ఇదే మంచి చోటనుకుని మోకాళ్ల దాకా దిగాను. పాదాల కింద ఇసుక జారిపోతోంది. ఇంతలో ఈల! లైఫ్‌గార్డ్ చెయ్యూపుతూ పరిగెత్తుకొస్తున్నాడు. అదే రిప్ కరెంట్ అట. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఆ కాలవలోంచే వెనక్కి పోతాయి, లోతెక్కువ కాబట్టి అక్కడ అల విరగదు. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఈది అలసిపోకూడదు. తేలుతూ, చెయ్యెత్తి సాయం అడుగుతూ, అది వదిలేదాకా దానితోనే పోవాలి. అసలు నీళ్లలోకి దిగాల్సింది ఎరుపు పసుపు జెండాల మధ్యే. ఆ జెండాలు నేను చూశాను రా. అలంకారానికి పెట్టారనుకున్నాను.

అమ్మ కనిపిస్తే ఈత సంగతి మాత్రం ఎత్తకు. ఫోన్ కవర్లోంచి ఇసుక ఇంకా రాలుతూనే ఉంది. ఈ కాగితం మడతలో నల్లగా ఏమైనా కనిపిస్తే దుమ్మనుకుని ఊదెయ్యకు, అయస్కాంతం పెట్టి చూడు.

నీ
రఘు