లెక్కలూ తెలుగూ కలిపి చదవనివ్వరా?

సంపాదకుడు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో డిగ్రీ ప్రవేశాల మీద వార్త వేశారు. ఆర్ట్స్ సీట్లు మిగిలిపోతున్నాయనీ, పిల్లలకు వాటిమీద ఆసక్తి పోయిందనీ అధికారులు అన్నట్టు రాశారు. నాలుగు రోజులు ఊరుకుందామనే చూశాను, నావల్ల కాలేదు. ఆసక్తి ఉన్న పిల్లను వెంటబెట్టుకుని కాలేజీల చుట్టూ తిరిగొచ్చినవాణ్ని కాబట్టి ఆ మాట నిజం కాదని చెప్పగలను.

మా మనవరాలు ఈ ఏడాది ఎంపీసీ పాసైంది. లెక్కలంటే ప్రాణం, తెలుగు పద్యమన్నా అంతే. డిగ్రీలో లెక్కలు మేజరుగా (ముఖ్య సబ్జెక్టుగా), తెలుగు మైనరుగా (అనుబంధ సబ్జెక్టుగా) తీసుకుంటానంది. 2023–24లో సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చినప్పుడు మైనరు వేరే శాఖ నుంచి కూడా తీసుకోవచ్చనీ, సైన్సు పిల్లలు ఆర్ట్స్ కూడా చదువుకోవచ్చనీ ఎంత గట్టిగా చెప్పారో మీ పాఠకులందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ మాట నమ్మే బయల్దేరాం.

గుంటూరులో ఒక కాలేజీలో కౌంటరు దగ్గర కూర్చున్నాయన మర్యాదగానే మాట్లాడాడు. "మాస్టారూ, మ్యాథ్స్ మేజరుకి మా దగ్గర కంప్యూటర్స్ ఒక్కటే మైనరు. తెలుగు మేడం ఉన్నారు గానీ ఆవిడ క్లాసూ మ్యాథ్స్ క్లాసూ ఒకే పీరియడ్‌లో పడతాయి. ఒక్క అమ్మాయి కోసం టైమ్‌టేబుల్ మార్చలేం కదండీ" అన్నాడు. విజయవాడలో ఇంకో కాలేజీకి వెళ్తే తెలుగు చెప్పేవాళ్లే లేరన్నారు. గెస్టు లెక్చరర్ దొరికితే అప్పుడు చూద్దామన్నారు. మూడోచోట ఒకావిడ మా పిల్లను చూసి "ర్యాంకు రాలేదా అమ్మా?" అని జాలిగా అడిగింది. ర్యాంకు వచ్చింది, తనే ఇంజినీరింగ్ వద్దనుకుంది. మంగళగిరి దాటి గుంటూరు వచ్చేదాకా బస్సులో ఆ పిల్ల నోరు విప్పలేదు.

లెక్కలకీ పద్యానికీ ఏం సంబంధమని నన్ను అడిగినవాళ్లు చాలామంది. ముప్పై ఏళ్లకు పైగా క్లాసులో లెక్కలు చెప్పినవాణ్ని, జవాబు నాకు తెలుసు. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు, భ ర న భ భ ర వ గణాలు. ప్రతి అక్షరమూ గురువో (సాగదీసి పలికేది) లఘువో (పొట్టిగా పలికేది) అవ్వాలి గనక, ఇరవై అక్షరాల పాదాలు మొత్తం 10,48,576 రకాలు. వాటన్నిటినీ ఒక వరసలో రాసుకుంటూ పోతే ఉత్పలమాల 3,55,799వది అని మన ఛందస్సు పుస్తకాల్లో ఉంటుంది. ఆ సంఖ్య ఎక్కణ్నుంచి వచ్చిందో మా మనవరాలు ఒక శుభలేఖ కవరు వెనక లెక్కగట్టి చూపించింది. మొదటి అక్షరానికి ఒకటి, రెండోదానికి రెండు, మూడోదానికి నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ పోయి, లఘువులు పడ్డ పన్నెండు చోట్ల అంకెలు మాత్రం కూడింది. 3,55,798 వచ్చింది. ఒకటి కలిపితే సరిగ్గా పుస్తకంలో అంకె! పాదాన్ని బట్టి దాని వరస సంఖ్య కనుక్కునే ఈ పద్ధతిని మన పెద్దలు ఉద్దిష్టం అన్నారు. కంప్యూటరు లెక్క నడిచేదీ ఇలా రెండు గుర్తుల మీదే. ఈ ఒక్క కవరు మీద రెండు శాఖల పాఠం ఉంది. ఆ పాఠం చెప్పే క్లాసు మాత్రం మన రెండు ఊళ్లలో మాకు దొరకలేదు.

మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన పేరు ఎంతమంది లెక్కల విద్యార్థులకు తెలుసు? ఆ పావులూరు మన ఇంకొల్లు పక్కదే అంటారు. 1916లో కేంబ్రిడ్జి రామానుజన్‌కి ఇచ్చింది బీఏ పట్టానే. ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలూ తత్వశాస్త్రమూ కలిపి ఒకే డిగ్రీగా ఇప్పటికీ చదువుతున్నారు. మిగతా సబ్జెక్టులు రుద్దబట్టే కదా రామానుజన్ ఎఫ్‌ఏ (ఇప్పటి ఇంటర్ లాంటిది) తప్పాడని ఎవరైనా అడగొచ్చు. నిజమే. రుద్దమని నేనూ అనను. కావాలని అడిగిన పిల్లకు వద్దనకండి అంటున్నాను.

అసలు లెక్కలకూ ఆర్ట్స్‌కూ మధ్య ఈ గోడ ఇంటర్‌లోనే లేస్తూ వచ్చింది. పదో తరగతి పరీక్షలు కాకముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చి కూర్చుంటారు. మా మనవరాలు ఇంటర్‌లో చేరేనాటికి, పదిహేనేళ్ల పిల్ల హెచ్ఈసీ (చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్) తీసుకుందా, ఇక జన్మలో లెక్కల మొహం చూసేది కాదు. ఎంపీసీ తీసుకుందా, చరిత్ర అక్కడితో ఆఖరు. సెకండ్ లాంగ్వేజీగా తెలుగు కావాలంటే మార్కులు రావని సంస్కృతం అంటగడతారు. మా పిల్లకూ అదే జరిగింది. రెండేళ్లు చదివి సంస్కృతంలో వందకి తొంభై తొమ్మిది తెచ్చుకుంది. ఒక్క శ్లోకానికైనా సొంతంగా అర్థం చెప్పలేకపోతోంది. తప్పు తనది కాదు, జవాబులు బట్టీ పట్టించి పంపినవాళ్లది. ఇదంతా తెలిసీ ఇంటర్ బోర్డు ఏళ్ల తరబడి చూస్తూ ఊరుకుంది.

డిగ్రీ సంగతి ఇంకా అన్యాయం. 2015లో సీబీసీఎస్ (నచ్చిన సబ్జెక్టులు ఎంచుకుని క్రెడిట్లు తెచ్చుకునే పద్ధతి) అన్నారు. 2020లో మళ్లీ సిలబస్ మార్చి ఇంటర్న్‌షిప్పులన్నారు, నాలుగేళ్ల ఆనర్స్ అన్నారు. 2023లో మూడు సబ్జెక్టులు పోయి ఒక్క మేజరు వచ్చింది. మార్చిన ప్రతిసారీ పాఠం చెప్పేవాణ్ని ఎవరైనా అడిగారా? ఒకప్పుడు కొన్ని కాలేజీల బీఏలో ఎకనామిక్సూ స్టాటిస్టిక్సూ లెక్కలూ కలిసే ఉండేవి. ఆ గ్రూపు చదివి బ్యాంకుల్లో, గణాంక శాఖల్లో స్థిరపడ్డవాళ్లు నాకు తెలుసు. దాన్ని నిలబెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఉన్న సెక్షన్లు ఒక్కొక్కటే మూసేసి, ఖాళీ అయిన పోస్టులు నింపకుండా వదిలేసి, ఇప్పుడు ఆసక్తి లేదని నెపం పిల్లల మీదికి నెడుతున్నారు. నాకు కోపం తెప్పించిన మాట అదే.

ఉన్నత విద్యా మండలినీ, నాగార్జున, కృష్ణా విశ్వవిద్యాలయాలనూ నేను కోరేది పెద్ద ఖర్చుతో పనికాదు. గుంటూరులో ఒకటి, విజయవాడలో ఒకటి ప్రభుత్వ కాలేజీ చూసి, మైనరు క్లాసులన్నీ ఉదయం ఒకే వేళకు పెట్టించండి. అప్పుడు ఏ మేజరు పిల్లలైనా ఏ మైనరుకైనా వెళ్లి కూర్చోగలుగుతారు. ఒక కాలేజీలో చెప్పేవాళ్లు లేకపోతే పక్క కాలేజీలో వినడానికి అనుమతించండి, ఆ మార్కులు లెక్కలోకి తీసుకోండి. కాలేజీలు ఎంచుకుంటూ ఆన్‌లైన్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునేటప్పుడే ఏ కాలేజీలో ఏ మైనరు నిజంగా చెబుతున్నారో తెరమీద కనపడేలా చేయండి, మూడు కాలేజీల కౌంటర్ల దగ్గర నిలబడే పని తప్పుతుంది.

లెక్కలు చెప్పే మనిషి లేరంటారా, నేనున్నాను. జీతం అక్కర్లేదు. ఉదయం ఏడింటి క్లాసైనా బ్రాడీపేట నుంచి నడిచొస్తాను.

— ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు