‘ఏరిన బ్యాచ్’ పెల్లెట్ డబ్బాలకు ఎక్కువ తీసుకున్న 150 రూపాయలు వాపసు ఇస్తున్నాం

దేవరకొండ రోడ్డులోని మా ఎయిర్ రైఫిల్ రేంజ్‌కు వచ్చే పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు, మా దగ్గర పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న గుండ్లు) కొనుక్కెళ్లే మిర్యాలగూడ, సూర్యాపేట అన్నలకు నమస్తే.

జూలై నుంచి ‘ఏరిన బ్యాచ్’ అని ఎర్ర స్టిక్కర్ వేసి, డబ్బాకు 150 రూపాయలు ఎక్కువ తీసుకుని పెల్లెట్లు అమ్మాం. ఇప్పటికి 31 డబ్బాలు పోయాయి. ఆ స్టిక్కర్ తప్పు. పెల్లెట్లలో లోపం లేదు, కానీ మిగతా వాటికంటే మంచివని నేను చెప్పిన మాటకు ఆధారం లేదు. ఎర్ర స్టిక్కర్ ఉన్న మూత తెచ్చి చూపిస్తే చాలు, 150 ఇచ్చేస్తాం. పెల్లెట్లు అయిపోయినా సరే. మూత కూడా పారేసి ఉంటే మా పుస్తకంలో మీ పేరు ఉంటుంది, అదీ సరిపోతుంది.

ఎందుకిలా జరిగిందో చెప్పకపోతే మీకు అనుమానం, నాకు నిద్ర పట్టదు.

పది మీటర్ల పోటీకి వాడే పెల్లెట్ బరువు అర గ్రాము పైచిలుకు, 0.53 గ్రాములు. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రంగు డబ్బా అయినా బ్యాచ్ మారితే తల కొలత 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లని కొంచెం కొంచెం తేడా ఉంటుంది. ఏ బ్యారెల్‌కు, అంటే రైఫిల్ గొట్టానికి, ఏది నప్పుతుందో కాల్చి చూడాల్సిందే. అందుకే మేం బ్యాచ్‌కు ఒక డబ్బా విప్పి, క్రోనోగ్రాఫ్ అనే వేగం కొలిచే యంత్రం మీదుగా కాల్చి వేగం రాసుకుంటాం. ఆ అంకెలను లాప్‌టాప్‌లోని బాలిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, వేగం ఇంత అటూఇటూ అయితే కాగితం మీద పెల్లెట్ ఎంత పైకీ కిందికీ పడుతుందో లెక్క కడుతుంది.

ఆ లెక్క నిజంగా పనికొచ్చేదే. సెకనుకు 175 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ పది మీటర్లు దాటేలోపు దాదాపు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం 170కి పడితే ఇంకో మిల్లీమీటరు. మిల్లీమీటరేనా అనుకోకండి. మన టార్గెట్ మీద రింగుకూ రింగుకూ మధ్య రెండున్నర మిల్లీమీటర్లే. అంటే ఆ ఒక్క షాట్‌లో 0.4 పాయింట్ పోయినట్టు. పాయింట్‌లో పదో వంతు కూడా లెక్కేసే అరవై షాట్ల పోటీలో అది ఎంత నొప్పో మన పిల్లలకు తెలుసు.

జూన్‌లో రేంజ్ లోపల కొత్త ఎల్‌ఈడీ ట్యూబులు వేయించాం. సాయంత్రం బ్యాచ్ పిల్లలు టార్గెట్ మసకగా ఉందంటే వేయించినవే. వెలుతురు బాగా వచ్చింది. జూలైలో మూడు బ్యాచ్‌లు పరీక్షించాం. రెండింటి అంకెలు గంతులేశాయి. ఒక షాట్ 171, తర్వాతది 183, ఒకటైతే 212. మూడో బ్యాచ్ మాత్రం 174, 175, 174, 176 అంటూ గీత గీసినట్టు వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో వేస్తే మొదటి రెండూ రింగుల బయటికి పోయేటట్టు, మూడోది బంగారం అన్నట్టు చూపించింది. మూడోదానికి ఎర్ర స్టిక్కర్ వేశాను. మిగతావాటికి పసుపు స్టిక్కర్ అంటించి ‘ప్రాక్టీస్’ డబ్బాలని ధర తగ్గించి పిల్లలకు ఇచ్చాను.

మామూలుగా అయితే రైఫిల్‌ను కదలకుండా వైస్‌లో (బిగించి పట్టే పనిముట్టులో) బిగించి బ్యాచ్‌కు పదేసి షాట్లు కాగితం మీద కాల్చి, రంధ్రాల గ్రూపు, అంటే అవి ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయో కొలుస్తాం. ఈసారి కొలవలేదు. సాఫ్ట్‌వేర్ చెప్పింది కదా, మళ్లీ ఎందుకనుకున్నాను. పని ఎక్కువగా ఉందని చెప్పుకోవచ్చు గానీ, అసలు సంగతి బద్ధకం.

నా తప్పును పట్టుకున్నది ఇంటర్ చదివే ఒక అమ్మాయి. వాళ్ల నాన్న పోటీ కోసమని ఎర్ర డబ్బా కొనిచ్చాడు, రోజువారీకి పసుపు డబ్బా. మూడు వారాలు స్కోరు రాసుకుని నా టేబుల్ మీద నోట్‌బుక్ పెట్టింది. “సార్, నాకు పసుపు డబ్బాదే మంచిగ పడుతున్నది” అంది. మనసులో టెన్షన్ ఉంటుందమ్మా, ఖరీదైన పెల్లెట్ అంటే చెయ్యి బిగుసుకుంటుంది అని ఏదో సర్దిచెప్పాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. నోట్‌బుక్ మాత్రం అక్కడే వదిలేసి పోయింది.

రాత్రి మా టెస్ట్ డైరీ తీశాను. మా దగ్గర పనిచేసే పిల్లగాడికి అన్నీ రాసే అలవాటు. మూడో బ్యాచ్ పేజీలో పైన ఇలా ఉంది: “కరెంట్ లేదు. ఉక్కగా ఉంది. కిటికీ తెరిచి కానిచ్చాం.”

మన క్రోనోగ్రాఫ్‌కు రెండు కళ్లు. పెల్లెట్ నీడ మొదటి కన్ను మీద పడినప్పటి నుంచి రెండో కన్ను మీద పడేదాకా పట్టిన టైమును బట్టి వేగం చెబుతుంది. కరెంటుతో వెలిగే చవక ట్యూబు మన కంటికి నిలకడగా కనిపించినా సెకనుకు వంద సార్లు మినుకుమంటుంది. ఆ మినుకును యంత్రం నీడ అనుకుంటుంది. మొదటి రెండు బ్యాచ్‌లూ ట్యూబుల కింద కాల్చాం, మూడోది ఎండ వెలుతురులో. అది బంగారమేమీ కాదు, దాని టైముకు కరెంట్ పోయింది, అంతే.

మర్నాడు ట్యూబులు ఆర్పేసి, బ్యాటరీ లైటు పెట్టి, మూడింటినీ మళ్లీ కాల్చాం. మూడూ నిలకడగానే ఉన్నాయి. తర్వాత వైస్‌లో బిగించి పది షాట్ల గ్రూపులు తీశాం. రంధ్రం అంచు నుంచి అంచుకు కొలిస్తే మా రేంజ్ రైఫిల్‌లో పసుపుది 5.8 మిల్లీమీటర్లు, ఎర్రది 6.3. అంటే అమ్మాయి చెప్పిందే నిజం. అయితే ఇది మా బ్యారెల్ సంగతి, మీ బ్యారెల్‌లో తారుమారు కావచ్చు.

స్కోప్ పెట్టుకుని ఫీల్డ్ టార్గెట్ (వేర్వేరు దూరాల్లో ఉన్న చిన్న టార్గెట్లను కొట్టి పడగొట్టే పోటీ) ఆడే అన్నలకు ఇంకో మాట. ఏ దూరానికి గురి ఎంత మార్చుకోవాలో చెప్పే చార్టులు ఆగస్టులో ప్రింట్ తీసిచ్చాను, అవి పక్కన పెట్టేయండి. వాటిలోని వేగాలు కూడా ఆ ట్యూబుల కింద తీసినవే. ఒకరి రైఫిల్‌కు సెకనుకు 248 మీటర్లు అని రాశాను, మళ్లీ చూస్తే 240. 25 మీటర్లకు జీరో చేసుకున్న (ఆ దూరంలో గురి పెట్టిన చోటే పడేలా సరిచేసుకున్న) రైఫిల్‌తో 45 మీటర్ల దగ్గర దాని వల్ల తేడా సుమారు 8 మిల్లీమీటర్లు. చిన్న టార్గెట్ అంచుకు తగిలి పడకుండా నిలబడిపోయిందంటే తప్పు మీ గురిది కాకపోవచ్చు. రైఫిల్ తెస్తే ఉచితంగా మళ్లీ తీసిస్తాం. డబ్బా మీద అచ్చేసిన బాలిస్టిక్ కోఎఫిషియంట్‌ను (గాలిలో పెల్లెట్ వేగం ఎంత నిలుపుకుంటుందో చెప్పే అంకెను) కూడా గుడ్డిగా వేయకుండా, రెండు దూరాల్లో కాల్చి సరిచూస్తాం.

ఈ సాఫ్ట్‌వేర్ మాట ఎత్తగానే కొందరు అడిగేది ఒకటుంది. అమెరికా వీడియోల్లో సొంతంగా తూటాలు నింపుకుంటారు, కంప్యూటర్‌లోనే లెక్క చూసుకుంటారు, మనమూ చేద్దామా అని. చేయం. అక్కడ అది జనానికి ఒక అలవాటు. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. మా సాఫ్ట్‌వేర్ గన్ బయటికొచ్చిన పెల్లెట్ దారి లెక్కే చూస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాటిలో ఏరుకోవడం వరకే మన పని. అలాగే కోతులకు, నెమళ్లకు ఏ పెల్లెట్ పనికొస్తుందని అడిగేవాళ్లు కూడా దయచేసి రావద్దు. చేను పాడవుతున్న బాధ నాకు తెలియనిది కాదు, మాదీ వ్యవసాయ కుటుంబమే. కానీ ఆ పనికి మా దగ్గర డబ్బా దొరకదు.

ఇక నుంచి ప్రతి బ్యాచ్‌కు పది షాట్ల కాగితం డబ్బాతో పాటే చూపిస్తాం. దాని మీద తేదీ, ఏ లైటు కింద కాల్చామో రాసి ఉంటుంది. ఏరినందుకు వేరే డబ్బు తీసుకోం. మీ సొంత రైఫిల్‌తో చూసుకోవాలంటే ఆదివారం పొద్దున పది లోపు రండి, వైస్ ఖాళీగా ఉంటుంది. పసుపు డబ్బాలు ఇంకా తొమ్మిది ఉన్నాయి. మంచివని తేలినా ధర పెంచలేదు. అందులో రెండు ఆ అమ్మాయి కోసం తీసి పక్కన పెట్టాను.