కారుతున్న లారీ రేడియేటర్ గురించి మా అబ్బాయికి

చిరంజీవికి,

దీవెనలు. లారీ రేడియేటర్‌లో నీళ్లు రోజూ తగ్గుతున్నాయనీ, అతుకు వేయించాలో కొత్తది బిగించాలో తేలడం లేదనీ రాశావు. దానికి జవాబు చెప్పేముందు ఒక్కటి అడుగుతాను: నీళ్లు ఎక్కడి నుంచి పోతున్నాయో నీ కళ్లతో చూశావా? మట్టం తగ్గగానే రేడియేటర్‌ను దించేస్తారు చాలామంది. తీరా తప్పు హోస్ పైపు క్లాంపుదో, వాటర్ పంపు సీలుదో, మూతలో అరిగిపోయిన రబ్బరుదో అయితే కొత్తది బిగించాక కూడా నీళ్లు తగ్గుతూనే ఉంటాయి.

వెతకడం మొదలుపెట్టేముందు ఇంజిన్‌ను పూర్తిగా చల్లారనివ్వు. నీళ్లు, ఇథిలిన్ గ్లైకాల్ సగం సగం కలిపిన కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, మామూలు ఒత్తిడిలో దాదాపు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 1 బార్ ఒత్తిడిని నిలిపే మూత ఉంటే అది దాదాపు 129 డిగ్రీల దాకా మరగదు. వేడి మీద మూత తిప్పావంటే ఆ ఒత్తిడి ఒక్కసారిగా సడలి, లోపలి కూలెంట్ ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి ముఖం మీదికి చిమ్ముతుంది. ఎంత తొందరలో ఉన్నా ఈ విషయంలో నా మాట దాటకు, నాన్నా.

చల్లారాక మూత స్థానంలో ప్రెషర్ టెస్టర్, అంటే ఒత్తిడి చూపే ముల్లున్న చేతి పంపు, బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు మాత్రమే పంపు కొట్టించు. అంతకు మించితే బాగున్న కీళ్లు కూడా వదులవుతాయి. ముల్లు దిగుతుంటే లైటు వేసి రేడియేటర్ ట్యాంకు, కోరు (మధ్యలోని సన్నని గొట్టాల భాగం) కలిసే అంచును, హోస్ పైపుల కొసలను, వాటర్ పంపు అడుగును నిదానంగా చూడు. ఆరిపోయిన కూలెంట్ వదిలిన చారికలు తడి లేకపోయినా దారి చూపిస్తాయి. బయట ఎక్కడా ఏమీ కనబడకుండా ముల్లు దిగుతుంటే ఇదే కూలెంట్ తిరిగే క్యాబిన్ హీటర్‌ను చూడాలి, అక్కడా లేకపోతే హెడ్ గాస్కెట్‌ను, అంటే ఇంజిన్ బ్లాకుకూ పై హెడ్‌కూ మధ్య ఉండే సీలును, అనుమానించాలి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిసినట్టుగా మారినా, సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి ఆగకుండా వస్తున్నా రేడియేటర్ జోలికి వెళ్లవద్దు.

కారేది రేడియేటరే అని తేలితే, అది దేనితో చేసిందో చూసుకో. రాగి, ఇత్తడితో చేసిన పాతకాలపు రేడియేటర్‌కు మంచి పనివాడు టంకం వేస్తే మళ్లీ చాలాకాలం పనిచేస్తుంది. అల్యూమినియం కోరుకు ప్లాస్టిక్ ట్యాంకు నొక్కి బిగించినదైతే, వేడికి పెళుసెక్కి పగిలిన ప్లాస్టిక్ మీద ఏ జిగురూ నమ్మకంగా నిలవదు. కొత్తది వేయించడమే మేలని నా అభిప్రాయం. లీకు ఆపుతుందని చెప్పి పోసే పొడి మాత్రం వద్దు, అది సన్నని గొట్టాల్లోనూ హీటర్‌లోనూ పేరుకుని వేడిని ఇంకా పెంచవచ్చు.

అసలు పాతది ఎందుకు పగిలిందో తెలుసుకోకుండా కొత్తది బిగించనివ్వకు. రేడియేటర్ కూర్చునే రబ్బరు దిమ్మలు అణగిపోయి ఉంటే రోడ్డు కుదుపంతా నేరుగా ట్యాంకు అంచుకు తగులుతుంది, అప్పుడు కొత్తదానికీ అదే గతి పడుతుంది. దిమ్మలు, ఉబ్బిన హోస్ పైపులు, మూత అన్నీ ఆ విప్పిన పనిలోనే మార్పించు. పాత కూలెంట్‌ను నేల మీద వదలకుండా పళ్లెంలోకి దింపి మూత ఉన్న డబ్బాలో పోయించు. తియ్యగా ఉండే ఆ విషాన్ని కుక్కలు నాకి చనిపోతాయి.

నింపేటప్పుడు బండి పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్‌నే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి, వేరే రకంతో కలపకూడదు. హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి, థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకుని పై హోస్ పైపు వేడెక్కేదాకా ఇంజిన్ నడిపితే లోపల చిక్కిన గాలి బయటికి వస్తుంది. మర్నాడు ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి, తగ్గితే నింపి, ఆ తరువాతే సరుకు ఎక్కించు. ప్రెషర్ టెస్టర్ పెట్టినప్పుడు ఎక్కడ తడి కనిపించిందో నాకు తప్పకుండా రాయి.

ఇట్లు,
మీ నాన్న