లైవ్ క్లాసుల్లో 'పార్టిసిపేషన్ స్కోరు' లెక్కింపుపై ఫిర్యాదు

శ్రీకాకుళం

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

నమస్కారం.

నేను శ్రీకాకుళంలో ఉంటూ, మీ సాఫ్ట్‌వేర్ ద్వారా ఒక విశ్వవిద్యాలయపు ఎం.ఏ. అర్థశాస్త్రం విద్యార్థులకు లైవ్ క్లాసులు చెబుతున్నాను. క్లాసు అయ్యాక ప్రతి విద్యార్థి పేరు పక్కన మీరు చూపించే పార్టిసిపేషన్ స్కోరు ఈ సెమిస్టరు ఇంటర్నల్ మార్కుల్లో కలుస్తోంది. ఆ లెక్క తప్పని మీ హెల్ప్‌లైన్‌కు మూడుసార్లు చెప్పాను. విద్యార్థులను కెమెరా ఆన్ చేసుకోమనండి అన్న జవాబే మూడుసార్లూ వచ్చింది.

కిందటి నెల సప్లై వ్యాకోచత్వం (ధర మారితే అమ్మకానికి వచ్చే సరుకు ఎంత మారుతుందన్నది) పాఠంలో, ధర పడిపోయినా రైతు సరుకు ఎందుకు అమ్ముకుంటాడని అడిగాను. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సీతంపేట ఏజెన్సీ నుంచి ఫోన్లో వింటున్న ఒక అమ్మాయి, జీడిపిక్కలు దాచుకునే చోటు తమ ఇంట్లో లేదని, అప్పు గడువు ముందే వచ్చేస్తుందని, అందువల్ల జీడిపప్పు వ్యాపారానికి కేంద్రమైన పలాసలో ఏ ధర నడుస్తున్నా సంతలో చెప్పిన ధరకే ఇచ్చేస్తామని చాట్‌లో తెలుగులో రాసింది. మిగిలిన క్లాసంతా ఆ జవాబు మీదే చర్చ నడిచింది. నేను పాఠ్యపుస్తకం నుంచి చెప్పగలిగిన ఏ ఉదాహరణా అంత స్పష్టంగా ఉండేది కాదు. మీ నివేదికలో మాత్రం ఆమె 'నిష్క్రియ', స్కోరు నూటికి 12. కెమెరా పెట్టుకుని ఒక్క మాటా మాట్లాడని ఇద్దరికి 80 దాటింది. తరువాత పరీక్షించి చూస్తే, అదే జవాబు ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు స్కోరు పెరిగింది.

కెమెరా ఆపుకోవడం నిర్లక్ష్యం కాదు. సెకనుకు 600 కిలోబిట్ల చొప్పున గంటసేపు వీడియో పంపడానికి సుమారు 270 మెగాబైట్లు పడుతుంది. అవతలి వీడియో రావడానికి అంతే అనుకున్నా, నాలుగు క్లాసులకు 2 జీబీ దాటుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేయించుకునే విద్యార్థికి అది సాధ్యం కాదు. 80 కిలోబిట్ల ఆడియోకు గంటకు 36 మెగాబైట్లు చాలు.

క్లాసు మధ్యలో ప్రశ్న వేసి విద్యార్థుల జవాబులు తీసుకునే మీ పోల్ 10 సెకన్లకే మూసుకుపోతోంది. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయుడు కనీసం 3 సెకన్లు ఆగితే ఎక్కువమంది, మరింత వివరంగా జవాబిస్తారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. అది ఎదురెదురుగా కూర్చున్న తరగతి గది మాట. సిగ్నల్ ఆలస్యంగా అందే ఫోన్లో ప్రశ్న చదివి ఆలోచించడానికి 10 సెకన్లు ఎలా సరిపోతాయి?

కాబట్టి కెమెరా నిమిషాలను స్కోరు నుంచి తీసివేసి, తెలుగులో రాసిన చాట్ జవాబులను లెక్కలో చేర్చి, పోల్ గడువును అధ్యాపకుడే నిర్ణయించుకునే వీలు కల్పించి, ఈ సెమిస్టరు స్కోర్లన్నీ తిరిగి లెక్కించవలసిందిగా కోరుతున్నాను. ఇంటర్నల్ మార్కులు ఈ నెలాఖరుకు పంపాలి. అంతకు వారం ముందే మీ జవాబు రాతపూర్వకంగా నాకు అందాలి.

ఇట్లు,
అర్థశాస్త్ర అధ్యాపకుడు