చీటీ ఇచ్చినవాళ్లే వెనక్కి తీసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో నాది జెరాక్స్, స్టేషనరీ షాపు. అన్నీ రూపాయి, రెండు రూపాయల బేరాలే. ఫోన్‌పేలు వచ్చాక చిల్లర గొడవ పోయిందంటారు గానీ, సర్టిఫికెట్ల పని మీద పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు ఇప్పటికీ నోట్లే ఇస్తారు. మొన్న ఒకాయన నా బల్ల మీద అయిదు రూపాయల అట్టముక్క పెట్టాడు. ఒక టిఫిన్ సెంటర్ వాళ్లు చిల్లర బదులు ఇచ్చారట. డబ్బులివ్వమంటే "మళ్లీ తింటేనే చెల్లుద్ది" అన్నారట.

నాకు పాత నాణేల పిచ్చి, ఆ అట్టముక్క చూడగానే ఒక పాత కథ గుర్తొచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో జనం చివరికి అక్కడి చిల్లర నాణేలైన సెంట్లు కూడా దాచుకుంటే, 1862 నుంచి వ్యాపారులు సొంతంగా రాగి బిళ్లలు కొట్టించారు. కొందరు గడుసువాళ్లు 'వన్ సెంట్' అని పెద్దగా వేసి, పైన 'నాట్' అని కనీ కనపడకుండా వేశారు, రేపు దొంగ నాణెమని కేసు పెట్టకుండా! న్యూయార్క్‌లో లిండెన్‌ముల్లర్ అనే సారా కొట్టాయన అలాంటివి పది లక్షలకు పైగా వదిలాడు. థర్డ్ అవెన్యూ ట్రాము కంపెనీ వాటిని టికెట్లకు తీసుకుని, పోగైనవి మార్చిపెట్టమంటే కుదరదు పొమ్మన్నాడు. కంపెనీ ఏమీ చెయ్యలేకపోయింది. 1864లో ప్రైవేటు బిళ్లల్ని నిషేధిస్తూ చట్టమే తేవాల్సి వచ్చింది.

మన దేశంలో లోహపు బిళ్లలు కొట్టకుండా 1889లోనే చట్టం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో చిల్లరకు కటకట వచ్చినప్పుడు గుజరాత్ వైపు కాఠియావాడ్ సంస్థానాలు అట్ట కూపన్లు వేశాయి. బ్రిటిష్ సర్కారు 1943లో నడిమికి బెజ్జం పెట్టి, రాగి ఆదా చేసి చిల్లు కాణీ తెచ్చింది. చిల్లుదైనా, దానికి సర్కారు పూచీ ఉంది. ఈ అట్టముక్కకు ఎవరి పూచీ?

ఇంకో విచిత్రం. చీటీలు, చాక్లెట్లు చేతిలో పెట్టే షాపులే పది రూపాయల నాణెం ఇస్తే చెల్లదంటాయి. 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. వర్తక సంఘాల పెద్దలు ఈ రెండు మాటలూ గట్టిగా చెప్పాలి: నాణెం కాదనకూడదు, చీటీ ఇస్తే అడిగిన రోజే డబ్బులివ్వాలి. బ్యాంకులు కూడా చిల్లర కోసం వెళ్లిన చిన్న వ్యాపారిని రేపు రమ్మని తిప్పకుండా ఉంటే చాలు.

– ఒక షాపు యజమాని, బ్రాడీపేట, గుంటూరు