మా ఇంట్లో పాటకి మీ సర్వర్ అనుమతి ఎందుకు?

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: అప్‌డేట్ తర్వాత నెట్ లేకపోతే పనిచేయని వైఫై స్ట్రీమర్ – పాత సాఫ్ట్‌వేర్ ఇవ్వడం లేదా డబ్బు వాపసు చేయడం గురించి.

అయ్యా,

పాత స్టీరియోకి తగిలించుకునే మీ వైఫై స్ట్రీమర్‌ని కిందటేడు కొన్నాను. బిల్లు కాపీ, సీరియల్ నంబర్ ఫొటో జత చేశాను. వారంటీ ఇంకా ఉంది.

ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్న పాటలను వైఫై మీద ఏ పాత ఆంప్లిఫయర్‌లోనైనా వినొచ్చని డబ్బా మీద మీరే అచ్చేశారు. అది చూసే కొన్నాను. కొన్నాళ్లు అలాగే పనిచేసింది కూడా. హాల్లో పాత స్టీరియో రిసీవర్ (ఆంప్లిఫయర్), పక్క గదిలో కంప్యూటర్, అమ్మ చేతిలో ఒక పాత ఫోన్. ఆవిడ ఫోన్‌లో పాట నొక్కితే అది కంప్యూటర్ నుంచి రౌటర్ మీదుగా మీ స్ట్రీమర్ పెట్టెకి, అక్కణ్నుంచి ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ వైర్లలో రిసీవర్‌కి వెళ్లేది. దీనికి డీఎల్‌ఎన్‌ఏ చాలు, అంటే ఒకే ఇంట్లోని పరికరాలు పాటలు, వీడియోలు పంచుకోవడానికి 2003లో చాలా కంపెనీలు కలిసి మొదలుపెట్టిన పద్ధతి. రౌటర్‌కి కరెంటు ఉంటే సరిపోయేది. బయట నెట్ ఉందా లేదా అన్న ప్రశ్నే రాలేదు.

ఆ తర్వాత ఒక రాత్రి మీ పెట్టె తనంతట తానే అప్‌డేట్ అయింది. వద్దనడానికి యాప్‌లో ఎక్కడా బటన్ లేదు. తెల్లారి చూస్తే యాప్ తెరవగానే ఈమెయిల్ ఇచ్చి ఖాతా తెరవమంది. సరే, తెరిచాం. అసలు గొడవ అక్కడ మొదలైంది. నెట్ పోతే యాప్ ఆ లాగిన్ పేజీ దగ్గరే ఆగిపోతోంది. పక్క గదిలో ఉన్న ఫైల్ హాల్లోకి రావాలంటే ముందు మీ సర్వర్ సరేననాలి!

మాది కోనసీమలో ఒక పల్లెటూరు. గాలి కాస్త గట్టిగా వీస్తే కొబ్బరి మట్ట పడి కేబుల్ తెగుతుంది. మళ్లీ నెట్ ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కే తెలియదు. ఇన్వర్టర్ ఉంది కాబట్టి రౌటర్, కంప్యూటర్, రిసీవర్ అన్నీ నడుస్తూనే ఉంటాయి. నడవనిది మీ పెట్టె ఒక్కటే.

అమ్మ వినేవి ఏ మ్యూజిక్ యాప్‌లోనూ దొరికేవి కావు. నాన్నగారు కువైట్‌లో పనిచేసేవారు. అప్పట్లో ఉత్తరాలకి బదులు క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. ఆ మాటలు, మా అక్క పెళ్లిలో సన్నాయి మేళం, మా ఊరి గుడిలో హరికథ, వీటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఇంటర్నెట్‌లో ఎక్కడా లేని వీటిని వినడానికి ఇంటర్నెట్ ఎందుకు కావాలో మీలో ఎవరైనా చెప్పగలరా? పైగా కొత్త యాప్ మా ఫైళ్ల పేర్ల జాబితా మీ సర్వర్‌కి పంపడానికి అనుమతి అడుగుతోంది. నాన్నగారి ఉత్తరాల జాబితాతో మీకేం పని?

మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ముందు రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు, తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నారు. రీసెట్ చేస్తే పాత సాఫ్ట్‌వేర్ రాలేదు సరికదా, మళ్లీ మొదటి నుంచి లాగిన్ అడిగింది. చివరికి ‘మీ రిసీవర్ బాగా పాతది సార్, అందుకే’ అన్నారు. ఈ మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది.

నాన్నగారు 1988లో సెలవుకి వచ్చినప్పుడు తెచ్చిన జపాన్ రిసీవర్ అది. దానికి వైఫై అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. వెనక సీడీ అని రాసి ఉన్న ఇన్‌పుట్‌కి రెండు వోల్టుల లోపు సిగ్నల్ అందితే చాలు, పాడుతుంది. మీ పెట్టె పీకి, అవే వైర్లతో అదే ఇన్‌పుట్‌కి సీడీ ప్లేయర్ తగిలిస్తే చక్కగా పాడుతోంది. వీడియో తీసి పంపుతున్నాను.

వైఫై బలం చాలడం లేదని మీవాళ్లు అంటే, ఆ మాట కూడా నిలవదు. సీడీ నాణ్యతలో పాటకి సెకనుకి 1,411 కిలోబిట్లు కావాలి, అంటే ఒకటిన్నర మెగాబిట్ కూడా కాదు. అదే కంప్యూటర్ నుంచి, అదే రౌటర్ మీద, నెట్ లేనప్పుడు కూడా మా టీవీలో పెళ్లి వీడియో ఆగకుండా ఆడుతోంది.

బ్లూటూత్‌తో సరిపెట్టుకోమని మీవాళ్లు ఇచ్చిన సలహా గురించి ఒక్క మాట. ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్తే పాట తెగుతుంది, ఎవరైనా కాల్ చేస్తే పాట ఆగిపోతుంది. అదే కావాలనుకుంటే కొన్ని వందలకి దొరికే బ్లూటూత్ రిసీవర్ కొనుక్కునేవాణ్ని, మీ దగ్గరికి వచ్చే పనే లేదు.

కొత్త సౌకర్యాలు ఇవ్వొద్దని నేననడం లేదు. ఖాతా కావాలనుకున్నవాళ్లు తెరుచుకుంటారు. కానీ డబ్బు తీసుకుని అమ్మిన సౌకర్యాన్ని, అడగకుండా ఇంట్లోకి వచ్చి వెనక్కి పట్టుకెళ్లడం ఏ వ్యాపార పద్ధతి?

ఖాతా లేకుండా, నెట్ లేకుండా ఇంటి వైఫై మీదే పాటలు వచ్చేలా అప్‌డేట్ ఇవ్వండి. అది కుదరకపోతే పాత సాఫ్ట్‌వేర్, దాన్ని ఎక్కించే విధానం పంపండి. ఇవేవీ చేయలేమంటే పెట్టె తీసుకుని బిల్లు మీదున్న డబ్బు మొత్తం వాపసు ఇవ్వండి. బదులుగా మీ కొత్త స్పీకర్ మీద డిస్కౌంట్ కూపన్ ఇస్తామని మీవాళ్లు అన్నారు. అది నాకు అక్కర్లేదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు కాబట్టి మీ హెడ్డాఫీసున్న ఊరికి నేను రానక్కర్లేదు. డబ్బా మీద మీరు అచ్చేసిన వాక్యం ఫొటో కూడా జత చేశాను, చూడండి.

జవాబు ఈమెయిల్‌లోనే ఇవ్వండి. రౌటర్ ఆపి ఆన్ చేయమని మాత్రం మళ్లీ రాయకండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
కోనసీమ జిల్లా

జత: బిల్లు కాపీ, సీరియల్ నంబర్ ఫొటో, డబ్బా ఫొటో, సీడీ ప్లేయర్‌తో తీసిన వీడియో