విదేశాల్లో ఐస్‌క్రీం కౌంటరును తేలిగ్గా తీసేయవద్దు

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో ఈమధ్య వచ్చిన విదేశీ యాత్రల వ్యాసంలో, పరాయి దేశం వెళ్లినవాళ్లు మెక్‌డొనాల్డ్స్ వంటి ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల గడప తొక్కకూడదనీ, అక్కడ దొరికేదంతా ఏ దేశంలోనైనా ఒకటే మూసలో ఉంటుందనీ రాశారు. బర్గర్ల సంగతి నేను మాట్లాడను, శాకాహారిని కనుక వాటి జోలికి పోవలసిన అవసరం రాలేదు. ఐస్‌క్రీం విషయంలో మాత్రం ఆ మాట నిజం కాదని, సింగపూరులో అబ్బాయి దగ్గరికీ నెదర్లాండ్స్‌లో అమ్మాయి దగ్గరికీ వెళ్లి వస్తూ ఉండే మనిషిగా చెప్పగలను. ఆ దుకాణాల్లో ఐస్‌క్రీం అమ్మే చోట కాసేపు నిలబడి పైన పెట్టిన బోర్డు చదివితే, ఆ దేశపు పిల్లలు ఏ తీపి తిని పెరుగుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది.

ఉదాహరణకు, సింగపూరు, మలేసియాల్లో చెండోల్ అనే తీపి వీధి వీధినా దొరుకుతుంది. బియ్యప్పిండిలో పాండాన్ ఆకు రసం కలిపి, సేమ్యాలాగా పచ్చగా వత్తి, దాని మీద కొబ్బరిపాలు, తురిమిన ఐసు, గులా మెలాకా అనే బెల్లపు పాకం పోసి ఇస్తారు. ఆ బెల్లాన్ని ఎక్కువగా కొబ్బరిచెట్టు నుంచి గీసిన, పులియని తీపి నీరాను కాచి చేస్తారు. 2017లో ఆగస్టు 9న వచ్చే తమ జాతీయ దినోత్సవానికి ముందు సింగపూరు మెక్‌డొనాల్డ్స్ ఈ చెండోల్ రుచితోనే మెక్‌ఫ్లరీ, అంటే సాఫ్టీ అనే మెత్తటి ఐస్‌క్రీంలో తీపి ముక్కలో పాకమో కలిపి కప్పులో ఇచ్చే రకం, తెచ్చింది. మొదటి చెంచా నోట పెట్టుకోగానే నాకు తెలిసింది కొబ్బరి కాదు, కాస్త పొగవాసన తగిలే ఆ బెల్లం. మైపాడు, కొత్తపట్నం వైపు తాటిబెల్లం తిని పెరిగిన వాళ్లెవరికైనా ఆ రుచి కొత్తగా అనిపించదు. సముద్రానికి అవతల ఉన్నవాళ్లు తమ చెట్టు బెల్లాన్ని ఇంత గౌరవంగా పెద్ద కంపెనీ బోర్డు మీదికి ఎక్కించుకోవడం చూసి నాకు నిజంగా సంతోషం కలిగింది.

దురియన్ కథ ఇంకా చెప్పుకోదగ్గది. చూడటానికి పనసకాయలా ముళ్లతో ఉండే ఈ పండు వాసన ఎంత ఘాటుగా ఉంటుందంటే, సింగపూరు మెట్రో రైళ్లలోకి దాన్ని తీసుకురానివ్వరు, చాలా హోటళ్లు గదుల్లోకి రానివ్వవు. అలాంటి పండును కూడా 2018లో మలేసియాలో మెక్‌ఫ్లరీలో కలిపి అమ్మారు, జనం ఇష్టంగా తిన్నారు. బయటివాళ్లకు నచ్చుతుందా లేదా అని ఆలోచిస్తే ఆ పని జరిగేది కాదు, తమవాళ్లకు నచ్చుతుందన్న నమ్మకం చాలు.

నెదర్లాండ్స్‌లో ఇదే సాఫ్టీలో స్ట్రూప్‌వాఫెల్ ముక్కలు కలుపుతారు. రెండు పల్చని గుండ్రటి బిళ్లల మధ్య పాకం పూసి అతికించే ఈ తినుబండారానికి గౌడా పట్టణం పుట్టిల్లుగా పేరు పొందింది. మా అమ్మాయి ఇంట్లో దాన్ని వేడి టీ కప్పు మీద మూతలా పెట్టి, లోపలి పాకం కరిగాక తింటారు. ఐస్‌క్రీంలో పడితే పాకం గట్టిపడి పంటికి సాగుతుంది, రెండూ బాగుంటాయి. 2019లో ఇదే రకాన్ని అమెరికాలోని దుకాణాల్లోనూ కొన్నాళ్లు అమ్మారు.

అసలు మెక్‌ఫ్లరీయే పెద్ద నగరంలో పుట్టింది కాదు. 1995లో కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో, మన కావలి కన్నా ఎంతో చిన్నదైన బాథర్స్ట్ అనే ఊళ్లో, అక్కడి మెక్‌డొనాల్డ్స్ దుకాణం నడిపే రాన్ మెక్‌లెల్లన్ దాన్ని తయారుచేశారు. ఆ తరువాతే కంపెనీ దాన్ని దేశదేశాలకు తీసుకుపోయింది. నెల్లూరు ట్రంకు రోడ్డులోనూ ఒంగోలు కర్నూలు రోడ్డులోనూ ఐస్‌క్రీం పార్లర్లు నడిపేవారు ఈ సంగతి గమనించాలని నా కోరిక. సాఫ్టీని సున్నాకు అయిదారు డిగ్రీల దిగువనే ఉంచుతారు, గాలి కూడా బాగా కలుస్తుంది కనుక మెత్తగా ఉండి, కలిపిన ప్రతి రుచినీ నాలుకకు త్వరగా అందిస్తుంది. అందులో నెల్లూరు మలై కాజా ముక్కలు వేసి చూడవచ్చు, నన్నారి పాకం పోయవచ్చు, వేసవిలో లేత తాటి ముంజలు కలపవచ్చు. పొదలకూరు నిమ్మకాయలకు పేరుపడిన జిల్లాలో మంచి నిమ్మ ఐస్‌క్రీం కోసం వెతుక్కోవలసి రావడం నాకు బాధగా ఉంది. చేసేవారు నిజమైన పాలతోనే చేయాలి. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఐస్‌క్రీంలో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి, మొక్కల నుంచి తీసిన నూనెలతో చేసిన దాన్ని ఫ్రోజెన్ డెజర్ట్ అని రాసి అమ్మాలి.

ప్రయాణమయ్యే శాకాహారులకు ఒక్క మాట చెప్పాలి. మన దేశంలోలాగా పచ్చ చుక్క గుర్తు అన్నిచోట్లా ఉండదు. మార్ష్‌మాలో వంటి మెత్తటి మిఠాయిల్లో సాధారణంగా పశువుల ఎముకల నుంచో చర్మం నుంచో తీసిన జెలటిన్ ఉంటుంది. హలాల్ ముద్ర ఉన్నంత మాత్రాన అది శాకాహారం అనుకోకూడదు. డబ్బు కట్టేముందే జెలటిన్ ఉందా అని అడిగితే కౌంటరులోని పిల్లలు పట్టిక తెచ్చి చూపిస్తారు, అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లే తల్లిదండ్రులు ఇప్పుడు ఇంటింటా ఉన్నారు. ఏ దేశంలో, ఏ నెలల్లో, ఏ స్థానిక రుచి దొరుకుతుందో, అందులో ఏముంటుందో పాఠకులే రాసి పంపేలా అనుబంధంలో ఒక చిన్న శీర్షిక పెట్టవలసిందిగా కోరుతున్నాను. ఇలాంటి రకాలు చాలావరకు కొద్ది వారాలే అమ్ముతారు కాబట్టి, వేసవి ప్రయాణాలు మొదలవకముందే, అంటే మార్చిలోనే దాన్ని ప్రారంభిస్తే వెళ్లేవారికి అక్కరకు వస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కావలి, నెల్లూరు జిల్లా